పాత హెర్మెస్ పట్టు స్కార్ఫ్ కొంటున్నారా? మూలన మచ్చ ఉన్న ఈ ఫొటో కనిపిస్తే ఒక్క రూపాయి కూడా పంపకండి

మొన్న ఆదివారం సాయంత్రం అదే ఫొటో మళ్లీ కనిపించింది. హెర్మెస్ అనే ఫ్రెంచి కంపెనీ పట్టు స్కార్ఫ్, ఎర్ర అంచు, మధ్యలో తెల్లటి నేల మీద రెండు గుర్రపు కళ్లేలు, కింద ఎడమ మూలలో చింతగింజంత గోధుమరంగు మచ్చ. అమ్మే మనిషి పేరు వేరు, ఫోన్ నంబరు వేరు, ధర ఈసారి 21,000. మూడు నెలల కింద ఇదే ఫొటో చూసి నేను 18,500 పంపాను. అందుకే ఇంత పొడవుగా రాస్తున్నాను, దయచేసి చివరిదాకా చదవండి, పాత డిజైనర్ స్కార్ఫులు దాచుకునే వాళ్లు మీకు తెలిసిన వాళ్లలో ఎవరైనా ఉంటే వాళ్లకూ పంపండి.

నాకు పట్టు తెలుసు. గొప్పకు చెప్పడం లేదు, ఈ మోసం ఎంత గట్టిగా అల్లారో మీకు అర్థం కావాలని చెప్తున్నాను. మాది సంస్థాన్ నారాయణపురం మండలం పుట్టపాక, ఒకప్పటి నల్లగొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరిలోకి పోయింది. ఇంట్లో రెండు మగ్గాలు ఉండేవి. నాయిన నేస్తుంటే అమ్మ ఆసు పోసేది, అంటే పోగులను చట్రం మీద చుట్టేది, బడి నుంచి వచ్చాక చిటికి కట్టడానికి, అంటే రంగు అంటకూడని చోట పోగులకు ముడులు వేయడానికి, నేనూ కూర్చునేదాన్ని. మా ఊరి తేలియా రుమాలు కూడా చదరపు గుడ్డే కదా, నూలును నూనెలో, ఆముదం కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఎండబెట్టి, ఎరుపు, నలుపు, తెలుపుల్లో డబుల్ ఇక్కత్‌గా, అంటే నిలువు పోగులకూ అడ్డం పోగులకూ ముందే రంగు అద్ది, నేసేవాళ్లు, అది అరబ్బు దేశాలకు తలగుడ్డగా పోయేది. 2020లో దానికి జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు వస్తువని ఇచ్చే గుర్తింపు, వచ్చింది. తలకు చుట్టుకునే గుడ్డ మీద ఇంత పనితనం ఎందుకు పెడతారో మా ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు.

నేను ఇంటర్ చదివేటప్పుడు మగ్గాలు చూడ్డానికి ఒక విదేశీ ఆవిడ వచ్చింది, ఆమె మెడలో హెర్మెస్ స్కార్ఫ్ ఉంది. నాయిన అడిగి చేతిలోకి తీసుకున్నాడు. ముందు వెనక్కి తిప్పి చూశాడు, తర్వాత అంచును వేళ్ల మధ్య నలిపాడు, నన్ను పిలిచి భూతద్దం తెమ్మన్నాడు. "నేత కాదు బిడ్డా, అచ్చు. కానీ రంగు ఎనకకు గూడ ఎట్ల దిగిందో సూడు. అంచు చేత్తోని కుట్టిన్రు" అన్నాడు. ఆ రోజు నుంచి నాకు వాటి మీద మనసు పడింది. ఫ్రెంచివాళ్లు దాన్ని కారే అంటారు, అంటే చదరం. హెర్మెస్ మొదటి పట్టు కారే 1937లో వచ్చింది, లియోన్ దగ్గర అచ్చు వేస్తారు, ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్ (అచ్చు వేసే జాలి చట్రం), కొన్ని డిజైన్లలో 30, 40 రంగులు కూడా ఉంటాయి.

ఉద్యోగం వచ్చి నల్లగొండలో స్థిరపడ్డాక, పండక్కి చీర మానుకుని ఆ డబ్బు పక్కన పెట్టి, ఎనిమిదేళ్లలో పదకొండు స్కార్ఫులు సంపాదించాను. హెర్మెస్‌వి రెండే. ఇటలీ కంపెనీ ఫెరాగామోవి రెండు, అమెరికా డిజైనర్ వెరా న్యూమన్ సంతకం పక్కన లేడీబగ్ పురుగు బొమ్మ ఉండే పట్టువి నాలుగు, పేరు లేకపోయినా పనితనం చూసి కొన్నవి మూడు. కొత్తగా మొదలుపెట్టే వాళ్లకు వెరా స్కార్ఫులు మంచివి, ఇంకా చేతికి అందే ధరలోనే దొరుకుతున్నాయి.

సరే, జరిగింది చెప్తాను. ఒక వాట్సాప్ గ్రూపులో 'బ్రిద్ ద గాలా, 1957 ఒరిజినల్, 90 సెంటీమీటర్లు, ట్యాగ్‌తో, డబ్బాతో' అని పెట్టారు. హ్యూగో గ్రిగ్కర్ గీసిన ఈ డిజైన్ కోసం నేను ఏళ్ల తరబడి చూస్తున్నాను. ఏడు ఫొటోలు పంపారు: ముందు, వెనక, అంచు, కంపెనీ పేరు, ట్యాగ్, డబ్బా, ఇంకా ఆ మచ్చ దగ్గరగా. నన్ను నమ్మించింది ఆ మచ్చ ఫొటోనే. మోసం చేసేవాళ్లు లోపాన్ని దాచుతారు గానీ ముందుకు తెచ్చి చూపిస్తారా అనుకున్నాను. 22,000 అన్నారు, మచ్చ ఉంది కదా అని బేరమాడితే 18,500కు దిగారు. వీడియో కాల్‌లో ఒకసారి చూపించమంటే, నేను ఊళ్లో లేను మేడమ్, వస్తువు అమ్మ వాళ్లింట్లో ఉంది అన్నారు. ముంబై నుంచి ఇంకో మేడమ్ రెడీగా ఉన్నారు, ఈ రాత్రిలోపు చెప్పండి అన్నారు. అక్కడే ఆగాల్సింది. వస్తువు తన దగ్గర లేని మనిషి ఏడు ఫొటోలు నిమిషంలో ఎలా పంపింది అని కూడా అడగలేదు. యూపీఐలో డబ్బు పంపేశాను.

ఆరో రోజు పార్సిల్ వచ్చింది. నారింజ రంగు డబ్బా, గోధుమరంగు రిబ్బను, లోపల పల్చటి కాగితం, అన్నీ బాగున్నాయి. విప్పి చూస్తే మచ్చ లేదు. నిజం చెప్తున్నాను, మొదట చాలా సంతోషం వేసింది, పాపం డ్రైక్లీన్ చేయించి పంపారేమో, మంచి మనుషులు అనుకున్నాను. మా ఆయన చూసి, "మచ్చ పోయే మచ్చే అయితే, దానికోసం మూడున్నర వేలు ఎందుకు తగ్గించుకుంటరు?" అన్నాడు. అప్పుడు గుండె జారింది. నా చేతిలో ఉన్నది ఫొటోలోని గుడ్డ కాదు.

ఆ తర్వాత ఒక్కొక్కటీ చూస్తూ పోయాను, ఇవి మీకు పనికొస్తాయి కాబట్టి వివరంగా చెప్తాను. అసలు కారే గుడ్డ ట్విల్ నేత, దగ్గరగా చూస్తే సన్నని ఏటవాలు గీతలు కనిపిస్తాయి, ఫోన్ కెమెరా జూమ్ చేసినా తెలుస్తుంది. నాకు వచ్చిన దాంట్లో ఆ గీతలే లేవు, శాటిన్ లాగా జారుతూ, లైటు పడితే అద్దంలా మెరుస్తోంది. పట్టు మెరుపు అలా ఉండదు, తిప్పుతుంటే లోపలి నుంచి వచ్చినట్టు మెల్లగా మారుతుంది. వెనక్కి తిప్పితే రంగు సగానికి సగం తెల్లబోయి ఉంది. నాయిన ఆ రోజు మొట్టమొదట చూసింది ఇదే. ఇక్కత్‌లో పోగుకే రంగు అద్దుతాం కాబట్టి రెండు వైపులా ఒకేలా ఉంటుంది, అచ్చు గుడ్డలో అలా ఉండాలంటే రంగు గుడ్డలోకి పూర్తిగా దిగాలి, హెర్మెస్ వాటిలో వెనక వైపు కూడా దాదాపు ముందు వైపంత చిక్కగా ఉంటుంది. నకిలీలు చాలావరకు ఇక్కడే దొరికిపోతాయి.

అంచు సంగతి అన్నిటికంటే ముఖ్యం. హెర్మెస్ కారే అంచును చేత్తో సన్నగా చుట్టి చేత్తో కుడతారు, ఆ చుట్ట బొమ్మ ఉన్న ముందు వైపుకు ఉంటుంది, వేళ్ల మధ్య పెడితే సన్నని తాడులా గుండ్రంగా తగులుతుంది, కుట్లు మనిషి చేతివి కాబట్టి అటూ ఇటూగా ఉంటాయి. నాకు వచ్చిన దానికి అంచు వెనక్కి మడిచి, మన టైలర్ షాపులో పీకో చేసినట్టు మిషన్ మీద బారుగా కొట్టారు. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, అంచు చదునుగా ఉన్నంత మాత్రాన నకిలీ అనుకోవద్దు, ఎన్నోసార్లు ఇస్త్రీ చేసిన అసలు స్కార్ఫుకు కూడా అంచు అణిగిపోతుంది, నా రెండింటిలో ఒకటి అలాంటిదే. కుట్టు చేతిదా మిషన్‌దా, చుట్ట ఏ వైపు ఉంది, ఇవి చూడండి.

మనసు ఒప్పక, మర్నాడు ప్రకాశం బజారులో మాకు తెలిసిన బంగారం కొట్టుకు నా రెండు హెర్మెస్‌లతో పాటు దీన్నీ తీసుకుపోయి కాటా వేయించాను. నావి 64 గ్రాములు, 67 గ్రాములు. ఇది 43. కొలిస్తే 90 కూడా లేదు, ఒక వైపు 86, ఇంకో వైపు 88. ఇంటికి వచ్చి మూల దగ్గర గుడ్డ పోగు ఒకటి లాగి, పట్టకారతో పట్టుకుని అగ్గిపుల్ల చూపించాను. పట్టు అయితే కాలిన వెంట్రుకల వాసన వచ్చి, నలిపితే పొడి అయిపోయే బూడిద మిగలాలి. ఇది కరిగి, నల్లటి గట్టి పూసలా ముడుచుకుంది. పాలిస్టర్. ఈ పరీక్ష చేసేటప్పుడు కుట్టుదారం కాకుండా గుడ్డ పోగే తీయండి, అంచు దారం పట్టు అయినంత మాత్రాన గుడ్డ పట్టు అని కాదు. అసలుదని మిగతా అన్నిటితో తేలిపోయిన దాని మీద మాత్రం ఈ పని చేయకండి, పాపం ఆ గుడ్డ పాడవుతుంది.

ఇక వాళ్లు అసలుదని చూపించిన సాక్ష్యాలు చూద్దాం. 1957 అనేది ఆ డిజైన్ మొదట వచ్చిన సంవత్సరం. దాన్ని తర్వాత ఎన్నోసార్లు, ఎన్నో రంగుల్లో మళ్లీ అచ్చు వేశారు. నిన్న కొన్నది కూడా 1957 డిజైనే అవుతుంది. '1957 ఒరిజినల్' అని ఎవరైనా అంటే, డిజైన్ సంవత్సరం చెప్తున్నారా, గుడ్డ తయారైన కాలం చెప్తున్నారా అని అడగండి, దానికి వచ్చే జవాబులోనే సగం తెలిసిపోతుంది. ట్యాగ్ ఉందని మురిసిపోవద్దు, మెడకు గుచ్చుకుంటుందని చాలామంది ట్యాగ్ కత్తిరించేస్తారు, కాబట్టి ట్యాగ్ లేని అసలువి బోలెడు, ట్యాగ్ ఉన్న నకిలీలు అంతకన్నా ఎక్కువ. డబ్బా అయితే ఖాళీది విడిగా అమ్ముతారు. నాకు వచ్చిన డబ్బా అసలుదే అనుకుంటాను, లోపలి గుడ్డే అసలుది కాదు.

అసలు విషయం ఆలస్యంగా తెలిసింది. ఆ మచ్చ ఫొటోను, ఫొటోతో వెతికే గూగుల్ లెన్స్‌లో పెడితే, కొన్నేళ్ల కింద విదేశాల్లో ఒక వేలంలో అమ్ముడైపోయిన స్కార్ఫ్ వచ్చింది. అవే ఫొటోలు, అదే మచ్చ, అక్కడి వివరణలో ఆ మచ్చ గురించి కూడా రాసి ఉంది. అంటే ఎవరో నిజాయితీగా చూపించిన లోపాన్ని వీళ్లు నమ్మకం కోసం వాడుకున్నారు. డబ్బు పంపే ముందు నేను చేసి ఉండాల్సిన పని అది, రెండు నిమిషాలు కూడా పట్టదు. మీరు మాత్రం తప్పకుండా చేయండి.

మెసేజ్ పెడితే మొదట "ఉతికారా మేడమ్? ఉతికితే అలా అవుతుంది" అన్నారు. పార్సిల్ విప్పుతున్న వీడియో తీశాను కాబట్టి అది పంపాను. చూశారు, నీలం టిక్కులు పడ్డాయి, ఆ వెంటనే బ్లాక్ చేశారు. గ్రూపు నడిపే ఆవిడకు చెప్తే, మేము మధ్యవర్తులం కాదు అన్నారు. టెన్షన్‌తో నాలుగు రోజులు ఎవరికీ చెప్పకుండా ఉండిపోయాను, ఆ నాలుగు రోజులే నాకు నష్టం చేశాయి. సైబర్ మోసాలకు 1930 నంబరు ఉంది, డబ్బు పంపిన వెంటనే ఫోన్ చేస్తే అవతలి ఖాతాలో ఉండగానే ఆపించే అవకాశం ఉంటుంది, రోజులు గడిచే కొద్దీ అది చేతులు మారిపోతుంది. నేను చేసేసరికి ఆ ఖాతాలో ఏమీ లేదన్నారు. అయినా ఆన్‌లైన్‌లో సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేశాను. కొన్నది నిజమైన కంపెనీ దగ్గరో దుకాణంలోనో అయితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కూడా ఉంది.

ఇప్పుడు నేను ఎవరి దగ్గర కొన్నా ముందు అడిగేది ఒక్కటే. ఆ స్కార్ఫును ఈ రోజు పేపరు పక్కన పరిచి, నా పేరు రాసిన చీటీ దాని మీద పెట్టి, ఒక మూల నుంచి ఇంకో మూలకు అంచు వెంట మెల్లగా వీడియో తీసి పంపమంటాను, మధ్యలో వెనక్కి తిప్పమంటాను. నిజంగా వస్తువు ఉన్నవాళ్లు ఐదు నిమిషాల్లో పంపుతారు. మొన్న వరంగల్ నుంచి ఒక పెద్దావిడ దగ్గర వెరా స్కార్ఫ్ కొన్నాను, ఆమె వీడియోతో పాటు కూరగాయల కాటా మీద బరువు కూడా చూపించింది, అడగకుండానే. డబ్బు కూడా వీలైతే వస్తువు చేతికొచ్చాక ఇచ్చేలా మాట్లాడుకోండి. పట్టు గుడ్డలు కొనే మన వాళ్లందరికీ ఇంకో మాట, మన దగ్గర కూడా 'పోచంపల్లి స్టోల్' అని అచ్చు వేసిన పాలిస్టర్ అమ్ముతున్నారు, మన పట్టుకైతే అసలు పట్టని చెప్పే సిల్క్ మార్క్ లేబుల్ అడగొచ్చు, విదేశీ పాత స్కార్ఫులకు అది ఉండదు, అక్కడ చేతులూ కళ్లే ఆధారం.

ఆదివారం ఆ ప్రకటన కింద 'ఇది నాకు జరిగిన మోసం, ఈ ఫొటో వేలంలోది' అని రాశాను. పది నిమిషాల్లో నా మాట తీసేశారు, నన్నూ గ్రూపులోంచి తీసేశారు. ఆ గ్రూపులో నాలుగు వందల మందికి పైగా ఉన్నారు. మీలో ఎవరైనా ఈ ఫొటో చూసి డబ్బు పంపి ఉంటే, పంపిన రసీదు, మాట్లాడిన మెసేజ్‌లు తీసేయకుండా దాచిపెట్టండి, నాకు చెప్పండి, నా ఫిర్యాదు నంబరు ఇస్తాను, మీరిచ్చే ఫిర్యాదులో దాన్ని రాయండి. నాకు వచ్చిన గుడ్డను ఉతకలేదు, మళ్లీ మడిచి డబ్బాతో సహా బీరువాలో ఉంచాను, పోలీసులు అడిగిన రోజు ఇవ్వడానికి.