బ్రయోజోవన్లను గుర్తించడానికి 45 రెట్ల స్టీరియో జూమ్ మైక్రోస్కోప్: గుంటూరు నుంచి సమీక్ష

ప్రజాతి (జీనస్) పేరు దాకా ఈ మైక్రోస్కోప్ సరిపోతుంది. జాతి (స్పీషీస్) పేరు రాయాలంటే చాలాసార్లు సరిపోదు. ఎక్కడ ఆగాలో తెలిసి వాడుకుంటే, బ్రయోజోవన్లు (చిన్న చిన్న గదుల కాలనీలుగా గట్టి వస్తువులను పట్టి పెరిగే నీటి జీవులు), హైడ్రాయిడ్లు (పగడాల బంధువులు), కాలనీలు కట్టే అసిడియన్ల (సంచి లాంటి ఒంటితో నీళ్లు వడగట్టే జీవులు) మీద పని మొదలుపెట్టేవాళ్లకు ఈ ధరలో ఇంతకన్నా అక్కరకొచ్చే పరికరం లేదని నా అభిప్రాయం.

అంబాలాలో తయారైన ట్రైనాక్యులర్ ఇది. ఆబ్జెక్టివ్ 0.7 నుంచి 4.5 దాకా తిరుగుతుంది, ఐపీస్ 10 రెట్లు, అంటే మొత్తం 7 నుంచి 45 రెట్లు. అడుగున ఒక లైటు, పైన ఎల్‌ఈడీ రింగ్ లైటు, మూడో గొట్టం కెమెరాకు. లెన్స్‌కీ నమూనాకీ మధ్య దాదాపు 10 సెంటీమీటర్ల జాగా ఉంటుంది కాబట్టి సూది, ఫోర్సెప్స్ హాయిగా ఆడతాయి. కొన్నేళ్లుగా దీన్ని సూర్యలంక ఒడ్డున ఏరిన గుల్లలకు, నిజాంపట్నం వైపు పాత తాళ్లకు పట్టిన కాలనీలకు వాడుతున్నాను. మనది ఇసుక తీరం. విశాఖ, భీమిలిలో లాగా ఆటు సమయంలో రాళ్ల సందులు వెతుకుదామంటే ఇక్కడ రాళ్లే లేవు. గట్టిగా ఉండి, కొన్నాళ్లు నీళ్లలో నానిన ప్రతిదీ తిరగేసి చూడాలి: ఆల్చిప్ప లోపలి వైపు, పీత చిప్ప, వల బెండ్లు, కొట్టుకొచ్చిన వెదురు. రాతి పగడాలు, గోర్గోనియన్లు (విసనకర్రలా పెరిగే పగడాలు) మాత్రం చచ్చినవైనా ముట్టుకోవద్దు. వాటికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది.

తెచ్చిన ముక్కను వెంటనే ఆల్కహాల్‌లో వేయకండి. ఏ చోట దొరికిందో ఆ చోటి సముద్రపు నీళ్లే పెట్రీ డిష్‌లో పోసి, నీడలో అరగంట కదపకుండా ఉంచాలి. 20 రెట్ల దగ్గర చూస్తే, బ్రయోజోవన్ అయితే గదిగదికీ ఒక గరాటులా టెంటకిల్స్ (చేతుల్లాంటి సన్నటి తంతువులు) విచ్చుకుంటాయి. వాటి మీది సీలియా (అతి సన్నటి కేశాలు) ఆడుతుంటే నీళ్లలోని రేణువులు గరాటు మధ్యకు లాక్కుపోవడం స్పష్టంగా కనిపిస్తుంది. సూదితో తాకితే మొత్తం గరాటు రెప్పపాటులో లోపలికి పోతుంది. హైడ్రాయిడ్ టెంటకిల్స్‌లో ఆ ప్రవాహం ఉండదు, ముట్టుకుంటే ముడుచుకుంటాయి గానీ నెమ్మదిగా. ఎంటోప్రాక్ట్ (కాడ మీద నిలిచే మరో చిన్న జీవి) టెంటకిల్స్ లోపలికి చుట్టుకుంటాయి, కాడ తలూపినట్టు వంగుతుంది. బోట్రిల్లస్ లాంటి అసిడియన్లలో టెంటకిల్స్ అసలు బయటికే రావు. మెత్తటి జిగురు పొరలో జూయిడ్లు (కాలనీలోని ఒక్కో జీవి) నక్షత్రంలా చేరి, మధ్యలో నీళ్లు వదిలే రంధ్రం ఒక్కటే పంచుకుంటాయి. ఈ నాలుగింటినీ విడదీయడానికి 45 రెట్లు కూడా అక్కర్లేదు, ప్రాణంతో ఉంటే చాలు.

టెంటకిల్స్ విచ్చుకుని ఉండగానే భద్రపరచాలంటే మెగ్నీషియం క్లోరైడ్ కావాలి. 75 గ్రాముల హెక్సాహైడ్రేట్‌ను మంచినీళ్లలో కరిగించి లీటరుకు సరిచేసి, డిష్‌లో ఉన్న సముద్రపు నీళ్లకు సమానమయ్యేదాకా కొంచెం కొంచెంగా కలపాలి. ఒక్కసారిగా పోస్తే అన్నీ మూసుకుంటాయి. తాకినా కదలని స్థితి వచ్చాకే 70 శాతం ఎథనాల్‌లోకి మార్చాలి. డీఎన్‌ఏ కోసం ఒక ముక్క 95 శాతంలో విడిగా పెట్టుకోవాలి. కాలేజీ ల్యాబుల్లో ఫార్మలిన్ అలవాటు ఎక్కువ, కానీ బోరాక్స్ కలపని ఫార్మలిన్ ఆమ్లంగా మారి కాల్షియం కార్బొనేట్ గోడలను తినేస్తుంది. గోడలు పోయిన కాలనీ మీద ఏ పేరూ నిలబడదు.

ఇక మైక్రోస్కోప్ సంగతి. దీనితో వచ్చిన రింగ్ లైటు ఈ పనికి పనికిరాదు. చుట్టూ సమానంగా వెలుగు పడితే తెల్లటి సున్నపు గోడ మీద నీడలే ఉండవు, గుంటలూ బొడిపెలూ చదునైపోతాయి. దాన్ని తీసి పక్కన పెట్టి, మెడ వంగే ఎల్‌ఈడీ లైటు ఒకటి ఎడమ పైమూల నుంచి, బల్లకు 15–20 డిగ్రీల ఎత్తులో పెట్టండి. అప్పుడు ముందుగోడ మీది రంధ్రాలు, ముళ్ల మొదళ్లు, ఏవిక్యులేరియా (పక్షి ముక్కులా కరిచే ప్రత్యేక జూయిడ్లు) ముక్కులు ఒక్కసారిగా లేచి కనిపిస్తాయి. ఫొటోలో లైటు కింది వైపు నుంచి పడితే కంటికి గుంట బొడిపెలా తోస్తుంది. రెండు కళ్లతో నేరుగా చూస్తే ఈ తికమక లేదు, ఫొటో చూసి పేరు చెప్పేవాళ్లు మాత్రం తప్పకుండా పొరబడతారు. తడి నమూనా అయితే పూర్తిగా నీళ్లలో మునిగి ఉండాలి. సగం తేలితే మెరుపు తప్ప ఏమీ కనపడదు. శుభ్రం చేసి ఆరబెట్టిన తెల్లటి ముక్క మీద నీళ్లలో కరిగే నల్ల ఇంకు పల్చగా పూస్తే, గుంటల్లో ఇంకు నిలిచి ఆకారం ఇంకా తేటపడుతుంది.

శుభ్రం చేయడమంటే బ్లీచ్. ఇళ్లలో వాడే 4–6 శాతం సోడియం హైపోక్లోరైట్ చాలు, సన్నటి కాలనీలకు సగం నీళ్లు కలపాలి. కాలనీ మొత్తాన్ని ముంచకూడదు, ఒక మూల విరిచి దాన్నే వేయాలి. ఎందుకంటే బ్లీచ్ కండనే కాదు, కైటిన్‌నూ కరిగిస్తుంది. జూయిడ్ నోటి మూత, ఏవిక్యులేరియం దవడ, కీలు మీద నిలిచిన ముళ్లు అన్నీ ఊడిపోతాయి. వాటర్సిపోరా అనే ప్రజాతిని నల్లటి మూత చూసే మొదట అనుమానిస్తాం, అది బ్లీచ్‌లో పోయాక మిగిలేది ఓవిసెల్ (పిండాలు పెరిగే గది) గానీ ఏవిక్యులేరియం గానీ లేని ఒక బోసి గోడ. అందుకే ముందు ఫొటో, తర్వాత బ్లీచ్. బుడగలు ఆగగానే తీసేసి నీళ్లు మార్చి మార్చి కడగాలి. చివరి కడుగుడుకు బోరు నీళ్లు వద్దు. గుంటూరు బోరు నీళ్లలోని లవణాలు ఆరాక గోడ మీద గింజల్లా కట్టి, 45 రెట్ల దగ్గర అచ్చం బొడిపెల్లా కనిపిస్తాయి. ఇన్వర్టర్‌కు పోసే బ్యాటరీ నీళ్లు వాడితే ఈ బాధ లేదు. బ్లీచ్‌నూ వెనిగర్‌నూ దగ్గరికి రానీయకండి, క్లోరిన్ వాయువు వస్తుంది. సున్నపు గోడలు లేని బ్రయోజోవన్లైన టీనోస్టోమ్‌లను, ఉదాహరణకు అమాథియాను, బ్లీచ్‌లో వేస్తే చేతికి ఏమీ మిగలదు.

కొలతల కోసం ఐపీస్‌లో 10 మిల్లీమీటర్లను 100 గీతలు చేసిన గ్రాటిక్యూల్ (గీతల గాజు బిళ్ల) విడిగా కొనాలి. జూమ్ 0.7 దగ్గర ఒక గీత సుమారు 0.143 మిల్లీమీటర్, 4.5 దగ్గర సుమారు 0.022. ఇది కాగితం లెక్క, స్టేజ్ మైక్రోమీటర్ (కచ్చితమైన కొలత గీతలున్న స్లైడు) పెట్టి నిజం తేల్చుకోవాలి. ఈ మోడల్లో జూమ్ గుబ్బకు ఆగే మెట్లు లేవు. మధ్యలో ఎక్కడో ఆపి కొలిస్తే ఆ కొలతకు విలువ లేదు. అందుకని కొలిచేటప్పుడు రెండు చివర్లే వాడాలి. ఇంకో సంగతి: ఇది గ్రీనో రకం, రెండు కళ్ల దారులూ కొంచెం వాలుగా ఉంటాయి. కెమెరా ఒక దారి నుంచే చూస్తుంది కాబట్టి చదునైన కాలనీకి ఒక అంచు మసకగా వస్తుంది. నమూనాను ఆ వైపు కొద్దిగా ఎత్తితే సరిపోతుంది.

ఎక్కువ రెట్ల కోసం 20 ఎక్స్ ఐపీస్ అంటగడతారు. వద్దు. బొమ్మ పెద్దదవుతుంది, కొత్త వివరం ఒక్కటీ రాదు. వివరాన్ని తేల్చేది ఆబ్జెక్టివ్ పట్టే వెలుగు కోణం, అది పెరగాలంటే కింద బిగించే 2 ఎక్స్ అదనపు లెన్స్ కొనాలి. దానితో 90 రెట్లు వస్తాయి. లెన్స్‌కీ నమూనాకీ మధ్య జాగా మాత్రం 3 సెంటీమీటర్లకు పడిపోతుంది, లైటును ఇంకా కిందకు వంచాలి.

దీనితో ఏం తేలుతుందో ఒక ఉదాహరణ. గోధుమ ఊదా రంగు కుచ్చు, జూయిడ్లు రెండు వరసలు, ముళ్లు లేవు, ఏవిక్యులేరియా అసలే లేవు, తెల్లటి గుండ్రటి ఓవిసెల్స్ ఉన్నాయి. ఇన్నీ కలిస్తే ఓడరేవుల్లో ప్రపంచమంతా తగిలే బుగులా నెరిటినా గుంపు. ఇది 30 రెట్లకే తేలిపోతుంది. సైక్లోస్టోమ్‌లనే బ్రయోజోవన్లు కూడా సులువే: మూత లేని గుండ్రటి నోళ్లతో సున్నపు గొట్టాలు. ఉప్పు తక్కువ నీళ్లలో పొరలా పరుచుకునే వాటి దగ్గర కష్టం మొదలవుతుంది. 1869లో స్టోలిచ్కా అనే శాస్త్రవేత్త కలకత్తా దగ్గరి పోర్ట్ క్యానింగ్ ఉప్పుటేరు నుంచి వర్ణించిన మెంబ్రానిపోరా బెంగాలెన్సిస్ అలాంటిదే. తర్వాత దాన్ని వేరే ప్రజాతిలోకి మార్చారు, పాత పుస్తకంలో పేరు చూసి అలాగే రాసేయకూడదు. పేరు రాసే ముందు వరల్డ్ రిజిస్టర్ ఆఫ్ మెరైన్ స్పీషీస్‌లో సరిచూసుకోవాలి. స్మిట్టినిడే లాంటి కుటుంబాల్లో జాతిని తేల్చేది నోటి లోపలి చిన్న పన్ను, పక్కల కీలు బొడిపెలు. వాటి ఆకారంలో తేడాలు కొన్ని మైక్రాన్ల వ్యవహారం. ఈ యంత్రం 45 రెట్ల దగ్గర విడదీయగలిగేదే సుమారు 3, 4 మైక్రాన్లు. అక్కడ ప్రజాతి పేరు రాసి ఆపి, బ్లీచ్ చేసిన ముక్కను స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌కు పంపడమే సరైన పని.

నిర్వహణలో పెద్ద శత్రువు ఉప్పు. డిష్ కింద ప్లాస్టిక్ ట్రే లేకపోతే స్టేజ్ క్లిప్పుల స్క్రూలు తుప్పు పట్టి విరుగుతాయి. వానాకాలంలో లెన్స్ మీద బూజు రాకుండా, రబ్బరు అంచున్న డబ్బాలో తలభాగాన్ని సిలికా జెల్‌తో పెట్టాలి. తల బరువుకు ఫోకస్ తనంతట తానే జారుతుంటే, ఒక గుబ్బను పట్టుకుని రెండోదాన్ని బిగించే వైపు తిప్పితే ఆగుతుంది. కరెంటు హెచ్చుతగ్గులకు లైటు అడాప్టర్ పోవడం మామూలే. అదే వోల్టేజి, అదే పోలారిటీ ఉన్నది విజయవాడలో ఏ ఎలక్ట్రానిక్స్ షాపులోనైనా దొరుకుతుంది. ఎండాకాలం నమూనా సీసాల్లో ఆల్కహాల్ ముందు ఆవిరై నీళ్లు మిగులుతాయి, కాబట్టి తగ్గిన మేర 70 కాదు, 95 శాతం పోయాలి.

కొనేటప్పుడు షాపులోనే గ్రాఫ్ కాగితం పెట్టి చూడండి. 45 రెట్ల దగ్గర ఫోకస్ చేసి 7కు తిప్పితే గీతలు మసకబారకూడదు. పది నిమిషాలు రెండు కళ్లతో చూసినా గీతలు రెండుగా విడిపోకూడదు. విడిపోతే ఆ పీసు తీసుకోవద్దు, ఆ అమరిక ఇంట్లో సరిచేసేది కాదు.