ప్రజల అడవిలో నరికివేత: కూపు పద్ధతి మేలా, ఎంపిక పద్ధతి మేలా?

ప్రజల ఆస్తిగా ఉన్న అడవి నుంచి కలప తీయక తప్పనప్పుడు ప్రధానంగా రెండు మార్గాలు కనిపిస్తాయి. అడవిని ముక్కలుగా విభజించి, ఏటా ఒక ముక్కను పూర్తిగా నరికి మళ్లీ నాటడం కూపు పద్ధతి. ఎక్కడా నేలను బోసిగా వదలకుండా, కొన్నేళ్లకోసారి అడవంతా తిరిగి ఒక్కొక్క చెట్టునే ఎంచి తీయడం ఎంపిక పద్ధతి.

కూపు పద్ధతిని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. జర్మనీలోని సాక్సనీలో వెండి గనులకు, కొలిమిలకు కలప కరువైన కాలంలో, అక్కడి గనుల అధికారి హాన్స్ కార్ల్ ఫాన్ కార్లోవిట్జ్ అడవిని తరగనివ్వకుండా వాడుకోవాలన్న వాదాన్ని 1713లో అచ్చు వేయించాడు. ఆ వాదాన్ని అమలు చేయడానికి తర్వాతి తరాలకు అందివచ్చిన సులువైన సాధనం కూపు. చెట్టు ముదరడానికి 100 ఏళ్లు పట్టే 1,000 హెక్టార్ల అడవిలో ఏటా నరకదగినది 10 హెక్టార్లు. హద్దు దాటితే పటం చూసిన ఎవరికైనా తెలిసిపోతుంది.

చిక్కు ఆ తర్వాత వస్తుంది. నరికిన నేలలో ఒకే వయసు చెట్లు, చాలాసార్లు ఒకే జాతి చెట్లు, వరుసగా లేస్తాయి. స్ప్రూస్ అనే సూదాకుల చెట్టు బలంగా ఉన్నప్పుడు తన జిగురుతోనే బెరడు పురుగును అడ్డుకుంటుంది. వానలు ముఖం చాటేస్తే ఆ జిగురు ఊరదు. మొదట్లో మొదలు దగ్గర గోధుమరంగు పొడి రాలుతుంది; బెరడు ఒలిస్తే లోపల తల్లి పురుగు తొలిచిన గాడి, దానికి రెండు వైపులా లార్వాలు తొలిచిన సన్నని గాడులు కనిపిస్తాయి. 2018 నుంచి వచ్చిన కరువుల్లో జర్మనీలోని హార్జ్ కొండల మీద స్ప్రూస్ అడవులు ఇలాగే కొండవాలుల పొడవునా ఎండిపోయాయి. అదే కొండ మీద రకరకాల జాతులు, రకరకాల వయసుల చెట్లు కలిసి ఉంటే నష్టం ఉండేదే గాని, అంతా ఒక్కసారిగా పోయేది కాదు.

ఎంపిక పద్ధతికి నిలువెత్తు ఉదాహరణ స్విట్జర్లాండ్‌లోని కువే గ్రామపు ఉమ్మడి అడవి. అక్కడ ఆన్రీ బియోలే అనే అటవీ అధికారి 1890లో లెక్కింపు మొదలుపెట్టాడు. నిర్ణీత మందం దాటిన ప్రతి చెట్టునూ ఛాతీ ఎత్తున కొలుస్తారు. కొన్నేళ్ల తర్వాత మళ్లీ కొలుస్తారు. ఇప్పుడున్న కలపకు మధ్యలో నరికినదాన్ని కలిపి, పాత నిల్వను తీసివేస్తే అడవి నిజంగా ఎంత పెరిగిందో తేలుతుంది. తర్వాతి నరికివేత ఆ లెక్కను బట్టే జరుగుతుంది. చెట్టుకు గుర్తు వేసే మనిషి పైకే కాదు, కిందికీ చూడాలి: వెలుతురు కోసం ఎదురుచూస్తున్న మొక్క ఉందా, పక్క చెట్టు కొమ్మలకు చోటు దొరుకుతుందా అని.

నా ఉద్దేశంలో ప్రజల అడవికి ఇదే మేలు, ఎందుకంటే చెట్టు ముదిరేదాకా వేచి ఉండగల ఓపిక ప్రజా యాజమాన్యానికే ఎక్కువగా సాధ్యం. అయితే కొలత లేని ఎంపిక పద్ధతి కూపు కంటే ప్రమాదకరం. నిటారైన మేలు చెట్లను కొట్టుకుపోయి, వంకరవాటిని విత్తనానికి వదిలేసినా, దారిన పోయేవారికి అడవి పచ్చగానే కనిపిస్తుంది. పటం మీద దొరికిపోయే తప్పు ఇక్కడ దొరకదు.

ఓక్ వంటి వెలుతురు కోరే జాతులకు ఒంటి చెట్టు తీసిన సందు చాలదు. ఫ్రాన్స్‌లోని ట్రాన్సే ప్రభుత్వ అడవిలో ముదురు ఓక్‌లను విడతలవారీగా తీస్తూ, మిగిలినవాటి కిందే కొత్త మొలకలను లేపుతారు. ఇది రెండు పద్ధతులకూ నడుమ దారి.

అసలు ముట్టుకోకుండా వదిలేయడం అడవి మొత్తానికి పరిష్కారం కాదు గాని, కొంత భాగానికి అవసరం. జర్మనీలోని ల్యూబెక్ నగరం 1990ల నుంచి తన అడవిలో సుమారు 10 శాతాన్ని నరకకుండా ఉంచి, మిగతా అడవిని దానితో పోల్చి చూసుకుంటోంది.

కొలిచే సిబ్బంది లేని చోట అడవినంతటినీ ఒక్కసారిగా ఎంపిక పద్ధతికి మార్చడం తొందరపాటు. ముందు ఒక్క విభాగంలో ప్రతి చెట్టునూ కొలిచి, రెండో కొలత పూర్తయ్యేదాకా మిగిలినచోట చిన్న కూపులతో, మిశ్రమ జాతుల నాట్లతో నడిపించవచ్చు.