పాత మియాటా ఇచ్చి కొత్త మియాటా: ఆరేళ్లు నడిపాక నా మాట

2019 అక్టోబరులో నా 1993 మోడల్ మాజ్డా మియాటాని డీలర్‌కి ఇచ్చేసి, అదే పేరుతో వస్తున్న కొత్త బండి కొన్నాను. పాతదాన్ని 11 ఏళ్లు నడిపాను. కొత్తదానికి ఆరేళ్లు నిండాయి, 58 వేల మైళ్లు తిరిగింది. మేముండేది అట్లాంటాకి ఉత్తరాన, ఆల్ఫరెట్టాలో. గ్యారేజీలో పాత స్పోర్ట్స్ కారు పెట్టుకుని, దీన్ని ఇచ్చేసి కొత్తది తెచ్చుకుందామా వద్దా అని ఊగిసలాడుతున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. బండి మార్చడం నా విషయంలో మంచి నిర్ణయమే. పాతదాన్ని చేతులు మార్చిన తీరు మాత్రం తప్పు.

ఈ కారు మన దేశంలో అమ్మలేదు కాబట్టి చాలామందికి తెలియకపోవచ్చు. 1989 ఫిబ్రవరిలో చికాగో ఆటో షోలో మొదటిసారి చూపించారు. ఇద్దరే కూర్చునే, టాపు తీసేయగలిగే చిన్న బండి. 1960లలో బ్రిటన్ నుంచి వచ్చిన టూ సీటర్ల సరదా కావాలి, కానీ వాటిలా రోడ్డు మీద ఆయిలు కార్చకూడదు, పొద్దున్నే మొరాయించకూడదు. ఇదే దాని వెనకున్న ఆలోచన. బాబ్ హాల్ అనే అమెరికన్ జర్నలిస్టు ఈ సంగతి మాజ్డాలో పెద్దస్థాయిలో ఉన్న కెనిచి యమమోటోకి చెప్పాడు. ఆ మాట కారుగా మారడానికి చాలా ఏళ్లు పట్టింది. గుర్రమూ రౌతూ ఒకటైపోవాలి అనే అర్థం వచ్చే 'జిన్బా ఇత్తాయ్' అన్న జపాన్ మాటని వాళ్లు లక్ష్యంగా పెట్టుకున్నారు. 2016 ఏప్రిల్‌లో పది లక్షలో బండి తయారైంది.

నేను కొన్నానని ఫోన్లో చెబితే తెనాలిలో నాన్న అడిగిన మొదటి ప్రశ్న, "మాజ్డా అంటే మన స్వరాజ్ మాజ్డా వాళ్లేనట్రా?" అని. ఔను నాన్నా, ఆ మాజ్డానే అన్నాను. ఆయన కళ్ల ముందు బస్తాలు మోసే వ్యాను మెదిలి ఉంటుంది. తర్వాత ఇక్కడికి వచ్చినప్పుడు ఎక్కించుకుని తిప్పితే, "నేల మీద చాప వేసుకుని కూర్చున్నట్టుందిరా" అన్నారు. ఆ కారు ఎంత కిందకి ఉంటుందో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి మాట దొరకలేదు.

పాత బండి 2008లో 92 వేల మైళ్ల మీద దొరికింది. ఎర్ర రంగు, 1.6 లీటర్ ఇంజను, 116 హార్స్‌పవర్, అయిదు గేర్లు. పవర్ స్టీరింగ్ కూడా లేని బేస్ మోడల్. బరువు 960 కిలోలకి అటూ ఇటూ. పార్కింగ్‌లో స్టీరింగ్ తిప్పాలంటే భుజాలు నొప్పెట్టేవి. కానీ బండి కదిలాక ఆ స్టీరింగే వేరు. టైరు కింద తారు మారితే వేళ్లకి తెలిసేది. తడి ఉన్న చోట చక్రం తేలికవడం చేతికి ముందు అందేది, బుర్రకి తర్వాత. గేర్ రాడ్ మణికట్టు కదిలిస్తే చాలు, పడేది. 116 హార్స్‌పవర్ ఇవాళ్టి లెక్కలో ఏ మూలకీ రాదు. సున్నా నుంచి 60 మైళ్ల వేగానికి తొమ్మిది సెకన్ల దాకా పట్టేది. అయినా సూచెస్ ఊరి మీదుగా వెళ్లే జార్జియా 60 రోడ్డు మీద, మూడో గేరులో ఇంజను పూర్తిగా అరుస్తుంటే, 45 మైళ్ల వేగానికే ఒళ్లంతా పులకరించేది. ఉన్న శక్తినంతా వాడేసుకోవచ్చు, ఎవరికీ ప్రమాదం లేదు. పాత బండి ఇచ్చిన పెద్ద సుఖం ఇదేనని నా అభిప్రాయం.

ముందు భాగంలో పైకి లేచే దీపాలుండేవి. సాయంత్రం లైట్లు వేసిన ప్రతిసారీ మా పాప వీధి గుమ్మంలో నిలబడి, "కళ్లు తెరిచింది" అనేది. 1999 మోడళ్ల నుంచి ఆ దీపాలు పోయాయి.

ఇక సేవ. 30 ఏళ్లకి దగ్గరపడుతున్న బండికి సేవ చెయ్యక తప్పదు. ఒక ఆదివారం కమింగ్ ఊళ్లో సిగ్నల్ దగ్గర క్లచ్ పెడల్ నేలకి అంటుకుపోయింది, లేవలేదు. పెడల్ తొక్కితే క్లచ్‌ని విడదీసే క్లచ్ స్లేవ్ సిలిండర్‌లో రబ్బరు అరిగిపోయింది. మొదటి తరం మియాటాల్లో వయసు మీద పడితే ఇది మామూలే. సిగ్నళ్ల దగ్గర ఇంజను ఆపి, గేరులో పెట్టి సెల్ఫ్ కొడుతూ ఇంటికి చేరాను. రెండే బోల్టులు, చవకైన పార్టు. మర్నాడు సాయంత్రం నా చేత్తో మార్చుకున్నాను, బ్రేక్ ఆయిల్ మోచేతుల దాకా కారింది. ఆ రోజు నుంచి ఆ బండి నాదన్న భావం గట్టిపడింది. టైమింగ్ బెల్ట్ 60 వేల మైళ్లకోసారి మార్చాలి. ఆ ఇంజనులో బెల్ట్ తెగినా వాల్వులు పిస్టన్లకి తగిలి ఇంజను పాడవదు, అంత ధైర్యం ఉంది కాబట్టి అది కూడా నేనే చేశాను.

అన్నిటికన్నా పెద్ద శత్రువు నీళ్లు. టాపు మీద పడ్డ వాన సీట్ల వెనక ఉన్న రెండు గొట్టాల్లోంచి కిందకి పోవాలి. మా దగ్గర మార్చి వచ్చిందంటే పైన్ చెట్ల పుప్పొడి పసుపు చల్లినట్టు అన్నిటి మీదా పడుతుంది. దానికి ఎండు సూదులు తోడై ఆ గొట్టాల్లో చేరి గట్టిపడతాయి. నీళ్లు వెళ్లే దారి లేక తలుపు కింది డబ్బా భాగంలో నిలుస్తాయి, వెనక చక్రం ముందు నుంచి తుప్పు మొదలవుతుంది. నేను ఏడాదికి రెండుసార్లు సన్నటి ప్లాస్టిక్ తీగ దూర్చి శుభ్రం చేసేవాణ్ని. అయినా 2018లో కుడివైపు పెయింటు కింద చిన్న పొక్కు కనబడింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మార్చాలన్న ఆలోచన మాత్రం తుప్పు వల్ల రాలేదు. పాపకి ఎనిమిదేళ్లు వచ్చాయి, నాతో రావాలని గొడవ చేసేది. 1993 బండిలో డ్రైవర్ వైపు ఎయిర్‌బ్యాగ్ ఉంది, పక్క సీటుకి లేదు. అది 1994 మోడల్ నుంచి వచ్చింది. 400 హైవే మీద పక్కన పెద్ద పికప్ ట్రక్కు వెళ్తుంటే నా కళ్లకి దాని చక్రం నట్లు కనబడేవి. మా ఆవిడ ఒకటే అంది: "మీరు కొండల్లో తిరగండి, నేను వద్దనను. పాపని మాత్రం ఈ బండిలో హైవే ఎక్కించొద్దండీ." ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. సంవత్సరమంతా బండి ఆదివారాలకే పరిమితమైంది. నడపని బండికి ఇంకా త్వరగా జబ్బు చేస్తుంది. సీళ్లు ఎండిపోతాయి, బ్యాటరీ చచ్చిపోతుంది.

కొత్తగా తెచ్చింది 2019 మోడల్ క్లబ్ వేరియంట్, ఆరు గేర్ల మాన్యువల్. 2.0 లీటర్ ఇంజను, 181 హార్స్‌పవర్. బరువు సుమారు 1060 కిలోలు. 26 ఏళ్లలో కార్లన్నీ ఎలా ఊరిపోయాయో చూస్తున్నాం. ఎయిర్‌బ్యాగులు, కెమెరా, స్టెబిలిటీ కంట్రోల్ అన్నీ పెట్టుకుని కూడా ఇది పాతదానికంటే వంద కిలోలే పెరిగింది, పొడవులో ఇంకాస్త తగ్గింది. ఇంజనీర్ల మీద నాకు గౌరవం పెరిగింది ఇక్కడే.

మొదటి మూడు నెలలు ఈ బండి నాకు నచ్చలేదు. స్టీరింగ్ ఎలక్ట్రిక్. తేలిగ్గా, కచ్చితంగా తిరుగుతుంది, కానీ పాతదానిలా కబుర్లు చెప్పదు. రోడ్డుకీ నా చేతులకీ మధ్య ఎవరో దుప్పటి కప్పినట్టు అనిపించేది. ఏదో పోగొట్టుకున్నానన్న బెంగతోనే నడిపాను. 2020 వసంతంలో ఒంటరిగా డీల్స్ గ్యాప్ వెళ్లాను. టెనెసీ, నార్త్ కరోలైనా సరిహద్దులో యూఎస్ 129 రోడ్డు, 11 మైళ్లలో 318 మలుపులు. అక్కడ అర్థమైంది, ఈ బండి చేతులతో కాదు, నడుముతో మాట్లాడుతుందని. మలుపులోకి వెళ్లేటప్పుడు కొంచెం వాలుతుంది. ఆ వాలుడులోనే ఏ చక్రం మీద ఎంత బరువు పడుతోందో సీటు ద్వారా తెలుస్తుంది. మలుపు మధ్యలో యాక్సిలరేటర్ కొద్దిగా వదిలితే ముక్కు లోపలికి తిరుగుతుంది, అచ్చం పాతదానిలాగే. భాష మారింది కానీ మాట అదే. ఆ రోజు తర్వాత నా బెంగ చాలావరకు తీరిపోయింది.

ఇంజను గురించి ఫిర్యాదే లేదు. 7500 ఆర్‌పీఎం దాకా హాయిగా ఎక్కుతుంది, కింద కూడా బలం ఉంది. 60 మైళ్ల వేగం ఆరు సెకన్లలోపే అందుతుంది. దీనివల్ల ఒక చిక్కుంది, చెప్పాలి. రెండో గేరు చివరి దాకా లాగితే మన వీధుల్లో లైసెన్సుకే ఎసరు. పాత బండిలో ప్రతిరోజూ దొరికిన ఆ 'అంతా వాడేశాను' అన్న తృప్తి దీంట్లో కొండ రోడ్డు మీదే దొరుకుతుంది.

రోజువారీ వాడకంలో పోలికే లేదు. పాతదాని వెనక అద్దం ప్లాస్టిక్‌ది. చలిలో జిప్పు తీసి పరచకుండా టాపు దించితే పగిలేది. దీనికి గాజు అద్దం, ముందు మధ్యలో ఒకటే గొళ్లెం. సిగ్నల్ దగ్గర కూర్చున్న చోటు నుంచే ఒంటి చేత్తో దించేస్తాను. అందుకే టాపు తీసే రోజులు మూడింతలు పెరిగాయి. హైవే మీద గ్యాలన్‌కి 33 మైళ్ల పైనే ఇస్తోంది. కాకపోతే ప్రీమియం పెట్రోలు పొయ్యమంటారు. టైమింగ్‌కి బెల్ట్ బదులు చెయిన్, ఆ బాధ లేదు. డిక్కీ 130 లీటర్లు, రెండు చిన్న బ్యాగులతో సరి. గ్లోవ్ బాక్స్ లేదు, స్టెప్నీ కూడా లేదు. ఇవి కొనే ముందే తెలుసుకోవాల్సినవి. ఆరేళ్లలో ఆయిలు, ఫిల్టర్లు, రెండు సెట్ల టైర్లు, ఒక బ్యాటరీ, ఒకసారి బ్రేక్ ప్యాడ్లు, అంతే ఖర్చు. టాపు గొట్టాలు దీనికీ ఉన్నాయి, తీగ ఇంకా దాచుకునే ఉన్నాను.

11 ఏళ్లలో పాతదాన్ని 56 వేల మైళ్లు నడిపితే, కొత్తదాన్ని ఆరేళ్లలోనే అంతకంటే ఎక్కువ నడిపాను. అందులో సగం పక్క సీట్లో పాప ఉంది. ఇప్పుడు దానికి 14. వచ్చే ఏడాది లెర్నర్స్ పర్మిట్ తీసుకుని క్లచ్ నేర్చుకుంటానంటోంది.

సెకండ్ హ్యాండ్‌లో చూసేవాళ్లకి ఒక సంగతి. నా కొత్త బండి తరంలో 2016 నుంచి 2018 దాకా వచ్చినవాటికి 155 హార్స్‌పవరే. 2019 నుంచి 181, పైగా స్టీరింగ్ ముందుకీ వెనక్కీ జరుపుకోవచ్చు. పొడుగ్గా ఉండేవాళ్లకి ఇది చాలా ముఖ్యం. 2022 నుంచి మలుపులో లోపలి వెనక చక్రానికి సన్నగా బ్రేకు వేసి వాలుడు తగ్గించే ఏర్పాటు కూడా పెట్టారు. డబ్బు సరిపోతే 2019కి ముందువి వదిలేయండి.

ఇక నేను చేసిన తప్పు. కొత్త బండి తీసుకున్న చోటే పాతదాన్ని ట్రేడిన్ ఇచ్చేశాను. ఒక కుర్రాడు వచ్చి చుట్టూ తిరిగి, మైళ్లు చూసి, పది నిమిషాల్లో 1800 డాలర్లు అన్నాడు. బేరం ఆడలేదు. రెండు నెలలుగా నిర్ణయం తీసుకోలేక అలసిపోయి ఉన్నాను, ఇవాళ్టితో అయిపోవాలన్న టెన్షన్‌లో సంతకం పెట్టేశాను. జార్జియాలో ట్రేడిన్ ఇస్తే కొత్త బండి ధరలోంచి ఆ మొత్తం తీసేసి పన్ను కడతారు, ఆ లాభం ఉంటుందని సర్ది చెప్పుకున్నాను. లెక్క వేస్తే ఆ లాభం 130 డాలర్లు కూడా లేదు. అదే స్థితిలో ఉన్న బండ్లు బయట నేరుగా అమ్మితే రెట్టింపు పైనే పలుకుతున్నాయని నాకు తెలుసు. ఆ తర్వాత రెండేళ్లలో ఈ మొదటి తరం మియాటాల ధరలు ఇంకా పెరిగాయి.

డబ్బు కంటే ఎక్కువ బాధపెట్టేది వేరే ఉంది. తర్వాత అడిగితే వేలానికి పంపేశాం, ఎక్కడికెళ్లిందో తెలియదన్నారు. నేను ఆ బండిని ఎవరికిచ్చానో నాకే తెలియదు. రెండు నెలలు ఓపిక పట్టి ఉంటే, ఒక కుర్రాణ్నో కుర్రపిల్లనో పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, ఆ గొట్టాలెక్కడున్నాయో, క్లచ్ మెత్తబడితే ముందు ఏం చూడాలో చూపించి తాళం చేతిలో పెట్టేవాణ్ని. పాత బండి ఉన్నవాళ్లు మార్చుకోండి, తప్పులేదు. డీలర్‌కి మాత్రం ఇవ్వకండి. మనుషులకి అమ్మండి.

11 ఏళ్ల రసీదులు, నేను చేసిన ప్రతి పని తేదీ, మైళ్లతో సహా రాసుకున్న నీలం ఫైలు ఆ రోజు డీలర్ దగ్గర ఇవ్వబోతే అక్కర్లేదన్నారు. అది ఇంకా నా దగ్గరే ఉంది. పవర్ స్టీరింగ్ లేని ఎర్ర 1993 మియాటా మీ దగ్గరుంటే, గ్లోవ్ బాక్స్ మూత లోపలివైపు చూడండి. మా ఆవిడ అంటించిన చిన్న వెంకటేశ్వరస్వామి నామాల స్టిక్కర్ ఉంటే, ఆ ఫైలు మీదే. టైమింగ్ బెల్ట్ 1,31,000 మైళ్ల దగ్గర మార్చాను.