అంబాసిడర్ దీపాలు, దబ్బనం కట్టిన బల్బు: తొమ్మిదేళ్ల వాడకం

మా నాన్నగారి 1975 నాటి అంబాసిడర్ మార్క్ 3 నా చేతికి వచ్చి తొమ్మిదేళ్లయింది. ఇంజనుతో నాకు పెద్దగా పేచీ రాలేదు. పేచీ అంతా దీపాలతోనే. ఉండేది కాకినాడ, ఉప్పుగాలికి రాగి కూడా పచ్చబడిపోతుంది. దానికి తోడు ఇన్నేళ్లలో ఆ వైరింగ్ మీద చేయి చేసుకున్న మెకానిక్కులు ఎందరో లెక్కలేదు. అందరూ నల్ల టేపు చుట్టి వెళ్లినవారే.

ఈ తొమ్మిదేళ్లలో వోల్టులు కొలిచే మల్టీమీటర్లు రెండు, తీగ చివర లగ్గులు నొక్కే పట్టకారు ఒకటి, రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే స్విచ్చులు), ఎల్ఈడీ బల్బులు అన్నీ కొన్నాను. అన్నిటికన్నా ఎక్కువగా చేతిలోకి వచ్చింది మాత్రం పైసా ఖర్చు లేకుండా చేసుకున్న టెస్టు ల్యాంపు. పాత స్కూటర్ నుంచి ఊడదీసిన హోల్డరు, అందులో 12 వోల్టుల బల్బు, రెండు తీగలు. ఒక తీగ చివర క్లిప్పు, రెండో దాని చివర గోనె సంచులు కుట్టే దబ్బనం. అంతే. క్లిప్పు బాడీకి తగిలించి దబ్బనంతో తీగను తాకితే, అందులో కరెంటు ఉంటే బల్బు వెలుగుతుంది. మొదట రెండు మీటర్ల తీగ పెట్టాను. బ్యాటరీ నుంచి డిక్కీ దాకా అందక మరో మూడు మీటర్లు అతికించాల్సి వచ్చింది.

మీటరు ఉండగా ఇదెందుకని మొదట్లో నేనూ అనుకున్నాను. డిజిటల్ మీటరు తీగలోంచి కరెంటును దాదాపు తీసుకోదు. అతుకులో తుప్పు పట్టి కరెంటు దారి దాదాపు మూసుకుపోయినా 12.4 వోల్టులు చూపిస్తుంది. మనం తీగ బాగుందనుకుని బల్బు మారుస్తాం, అది వెలగదు. టెస్టు ల్యాంపు అలా మోసం చేయదు. కరెంటు తాగి వెలగాలి కాబట్టి తీగలో సత్తువ లేకపోతే నీరసంగా వెలిగి నిజం చెప్పేస్తుంది.

నాకు ఇది అర్థమైంది ఎడమవైపు వెనుక దీపం దగ్గర. ఇండికేటర్ వేస్తే దానితోపాటు టెయిల్ లైటు కూడా కన్నుగీటేది. బ్రేకు నొక్కితే రెండూ మందగించేవి. మూడుసార్లు బల్బులు మార్చాను, ఇండికేటర్లను మిణుకుమనిపించే ఫ్లాషర్ మార్చాను. మా వీధి చివర ఉండే పెద్దాయన, రిటైరైన ఆటో ఎలక్ట్రీషియన్, అరుగు మీంచే చూసి, “బల్బులకేం బాబుగారూ, బంగారంలా ఉన్నాయి. ఎర్త్ చూడండి” అన్నారు. ఎర్త్ అంటే కరెంటు బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి. క్లిప్పును బ్యాటరీ కరెంటు వైపు తగిలించి, దబ్బనంతో దీపం రేకును తాకాను. బాడీకి తాకిస్తే తెల్లగా వెలిగే బల్బు ఇక్కడ ఆరిపోయే బొగ్గులా ఎర్రగా కనిపించింది. దీపం స్క్రూ విప్పితే కింద తుప్పు, దాని మీద సున్నంలాంటి తెల్లటి పొడి. తిరుగుదారి మూసుకుపోయిన కరెంటు పక్క ఫిలమెంటు గుండా దొంగదారి వెతుక్కుంటోంది. అందుకే ఆ కన్నుగీటడం. ఉప్పుకాగితంతో రేకు మెరిసేదాకా రుద్ది, కొత్త వాషరు వేసి, పైన వాజిలీన్ రాశాను. దీపం నుంచి బాడీకి విడిగా ఒక నల్ల తీగ కూడా లాగాను. మళ్లీ దాని జోలికి వెళ్లలేదు.

ఇంకో ఉపయోగం ఉంది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. నా కారులో ఉన్నవి రెండే ఫ్యూజులు. ఒక ఏడాది వానాకాలంలో బ్రేకు నొక్కినప్పుడల్లా వైపర్ ఆగిపోయేది. ఇండికేటర్లు, పెట్రోల్ ముల్లు కూడా దానితోపాటే పడిపోయేవి. వాటన్నిటికీ ఫ్యూజు ఒకటే. కొత్తది వేస్తే సామర్లకోట రోడ్డు ఎక్కేలోపే పేలిపోయేది. నాలుగు ఫ్యూజులు తగలేశాక, ఫ్యూజు స్థానంలో టెస్టు ల్యాంపునే తగిలించాను, 5 వాట్ల బల్బు తీసి 21 వాట్లది పెట్టి. బ్రేకు బల్బులు ముందే ఊడదీయాలి, లేదంటే వాటి కరెంటుకే ఇది వెలిగి మనల్ని తికమక పెడుతుంది. మా అబ్బాయిని బ్రేకు మీద కాలు పెట్టి కూర్చోమన్నాను. ల్యాంపు ధగధగా వెలిగింది, అంటే ఎక్కడో తీగ బాడీకి తగులుతోంది. ముందు నుంచి వెనక్కి తీగల కట్ట అయిన హార్నెస్‌ను కొంచెం కొంచెంగా కదుపుతూ పోయాను. డిక్కీలోకి వెళ్లే రంధ్రం దగ్గర పట్టుకోగానే ల్యాంపు రెపరెపలాడి ఆరిపోయింది. అక్కడ ఉండాల్సిన రబ్బరు ఎప్పుడో ఊడిపోయింది. రేకు అంచు కోసి కోసి, తీగ మీద బియ్యపు గింజంత మేర రాగి బయటపడింది. ఫ్యూజు ఖర్చు లేకుండా, తీగలు కాలకుండా గంటలో తేలిపోయింది.

అలాగని మీటరు దండగ అనను. హెడ్‌లైట్ల విషయంలో మార్కులు దానికే. దీపాలు వెలిగించి కొలిస్తే బ్యాటరీ దగ్గర 12.4, బల్బు దగ్గర 10.4. రెండు వోల్టులు దారిలోనే హరించుకుపోయాయి: స్విచ్చు, కాలితో నొక్కే డిప్పర్ల మీదుగా 1.3, ఎర్త్ వైపు 0.7. రెండు వోల్టులేగా అనిపిస్తుంది కానీ, ఆ తేడాకు ఫిలమెంటు వెలుగు దాదాపు సగానికి పడిపోతుంది. నేను మొదట చేసిన తెలివితక్కువ పని, 100 వాట్ల బల్బులు వేయడం. వెలుగు పెరగలేదు. డాష్‌బోర్డు స్విచ్చు వేడెక్కి కమురు వాసన వచ్చింది. తర్వాత బుద్ధిగా 60/55 వాట్లకు దిగి, హై బీముకు ఒకటి, డిమ్ముకు ఒకటి రిలేలు పెట్టాను. బ్యాటరీ నుంచి లావు తీగ ఫ్యూజు మీదుగా రిలే 30వ పిన్నుకు, 87 నుంచి బల్బుకు. పాత స్విచ్చు తీగ 86కు, ఎర్త్ 85కు. నా కారులో హెడ్‌లైట్లకు అంతకుముందు ఫ్యూజే లేదు. ఇప్పుడు మొత్తం నష్టం 0.3 వోల్టులు.

ఇంజను నిదానంగా తిరిగేటప్పుడు దీపాలు మందగించడం మాత్రం జబ్బు కాదు. ఇంజను వేగాన్ని బట్టి కరెంటు పుట్టించే డైనమో ఉన్న బండిలో అది సహజం. దాని కోసం వైరింగ్ పీకకండి.

ఎల్ఈడీ బల్బులు వారంలో తీసేశాను. అవి లాగే కరెంటు పాత ఫ్లాషర్‌ను వేడెక్కించడానికి చాలక ఇండికేటర్లు కన్నుగీటడం మాని బిగుసుకుపోయాయి. హెడ్‌లైట్లో పెడితే వెలుగు రోడ్డు మీద కన్నా ఎదుటివాడి కళ్లలోకే ఎక్కువ పోయింది.

టెస్టు ల్యాంపులో లోపం లేదా అంటే ఉంది, అది దబ్బనమే. తీగ తొడుగును పొడిచి చూడటం సులువు కాబట్టి మొదటి రెండేళ్లు ఎడాపెడా పొడిచాను. ఆ చిల్లుల్లోంచి ఉప్పుగాలి దూరి, కుడి ఇండికేటర్ తీగ లోపలంతా పచ్చటి పొడైపోయింది. ఇప్పుడు కనెక్టర్ల దగ్గర మాత్రమే తాకిస్తాను. రెండో చిక్కు, వోల్టుల లెక్క చెప్పలేకపోవడం. ఇక ఎలక్ట్రానిక్ పెట్టెలున్న కొత్త కార్లలో దీన్ని తాకించవద్దు, సున్నితమైన సర్క్యూట్లు దీని కరెంటుకు పాడవుతాయి. నా బండిలో అలాంటిదేదీ లేదు.

ఒక మాట. పాత బ్రిటిష్ డిజైన్లలో తీగల రంగులకు ఒక పద్ధతి ఉంది: గోధుమ రంగు తీగలో ఎప్పుడూ కరెంటు ఉంటుంది, తెలుపు తాళం తిప్పితే, నీలం హెడ్‌లైట్లకు, ఎరుపు పార్కింగ్ దీపాలకు, నలుపు ఎర్త్. నా కారులో మధ్యలో ఎవరో చేతికందిన ఎర్ర తీగతో అన్నీ అతికేశారు. కాబట్టి రంగును నమ్మకుండా ల్యాంపు పెట్టి చూసి, కాగితపు చీటీలు కట్టుకుంటూ పోయాను. విప్పే ముందు బ్యాటరీ ఎర్త్ తీయడం మరవకూడదు. కొన్ని పాత బళ్లలో ప్లస్ టెర్మినలే బాడీకి ఉంటుంది, అదీ చూసుకోవాలి.

తొమ్మిదేళ్లలో దీనికి నేను పెట్టిన ఖర్చు రెండు బల్బులు. ఒకటి దానంతటది పోయింది. రెండోది నేను దాని మీద కూర్చున్నాను.