బొటనవేలి స్ప్లింట్ (వేలు కదలకుండా ఆపే కట్టు): కర్నూలు గాయత్రి ఎస్టేట్‌లో కొన్నా, పని చేస్తాంది గానీ ఎండాకాలం కష్టం (3.5/5)

పాపని ఎత్తుకోని ఎత్తుకోని కుడిచేతి బొటనవేలి మొదట్లో ఒకటే నొప్పి, జొన్నరొట్టె తట్టాలంటే ఏడుపొస్తాంది, తాళంచెవి తిప్పినా జిల్లుమంటాంది. డాక్టరమ్మ బొటనవేలు లోపల పెట్టి పిడికిలి బిగించమని, చేతిని చిటికెనవేలి వైపు వంచేసరికి అరిచేసినా. డీక్వర్వెయిన్ అనే జబ్బంట. బొటనవేలిని పక్కకి లేపే రెండు టెండన్లు (కండని ఎముకకి కలిపే తాళ్లలాంటివి) మణికట్టు దగ్గర ఒక ఇరుకు తొడుగులోంచి పోతాయి, ఆ తొడుగు మందమైతే అవి కదిలినప్పుడల్లా ఒరుసుకుంటాయి. పసిబిడ్డల తల్లులకి బాగా వస్తుందంట. మా ఇంట్లో మాత్రం సెల్లు నొక్కినందుకే అని తీర్మానం చేసేసినారు, ఈ జబ్బుకి ఎవరి పేరు పెట్టినారో ఆ స్విస్ సర్జన్ డీక్వర్వెయిన్ దీని గురించి రాసింది 1895లో, అప్పుడు సెల్లు యాడుందప్పా!

సరే స్ప్లింట్ సంగతి. షాపాయన మొదట మామూలు రిస్ట్ బ్యాండ్ తీసి చేతిలో పెట్టినాడు, "అన్నీ ఒకటేలేమ్మా" అని. ఒకటి కాదు. దాంట్లో బొటనవేలు ఫ్రీగా తిరుగుతుంది, మనకి ఆపాల్సిందే ఆ వేలిని. డాక్టరమ్మ చీటీలో థంబ్ స్పైకా (బొటనవేలిని కూడా పట్టి ఉంచే స్ప్లింట్) అని ఉంది చూడన్నా అంటే లోపల్నుంచి తెచ్చిచ్చినాడు. వేలి పక్కన లోపల అల్యూమినియం పట్టీ ఉంటాది, దాన్ని మన చేతికి తగ్గట్టు కొంచెం వంచుకోవచ్చు. అదే దీంట్లో అసలు గొప్ప. వేసుకున్నాక వేలు పొరపాటున కూడా లేవదు, రాత్రి పాప ఏడిస్తే నిద్రమత్తులో ఎత్తుకున్నా పోటు లేదు. నొప్పి మొత్తం పోయిందని చెప్పను, సగానికి పైనే తగ్గింది. తగ్గకపోతే ఆ తొడుగులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్, అదీ పని చేయకపోతే చిన్న ఆపరేషన్ అన్నారు.

ఇంక బాగలేనివి. మన కర్నూలు ఎండకి లోపల చెమట పట్టి దురద, వాసన, ఉతకాలంటే పట్టీ తీసి చేత్తోనే ఉతికి నీడలో ఆరేయాల, అది ఆరేదాకా చేయి ఖాళీ. వెల్‌క్రోలో పిండి, వెంట్రుకలు ఇరుక్కోని పట్టు అప్పుడే తగ్గింది. పాప బుగ్గకి గీసుకుంటాదేమో అని పైన పాత సాక్సు కత్తిరించి తొడుగుతున్నా.

స్ప్లింట్ ఉంది కదా అని పాపని చంకల కింద బొటనవేళ్లు పెట్టి లేపొద్దండి, అరచేతులు పిర్రల కింద, వీపు కింద పెట్టి ఎత్తుకోండి. కుడికి ఎడమకి వేరేవేరే పీసులు, మణికట్టు చుట్టుకొలత టేపుతో కొలుచుకోని పోండి, వేళ్లు తిమ్మిరెక్కితే బిగుతు ఎక్కువైనట్టే.