తిరగేసి కుట్టించిన ఇక్కత్ సోఫా

సోఫా గుడ్డకు పైవైపు, లోపలి వైపు అనే తేడా లేకపోతే ఎంత లాభమో ఏడెనిమిదేళ్లు వాడాక గానీ తెలిసిరాలేదు. కొనేటప్పుడు రంగు చూశాను, డిజైన్ చూశాను, రెండు వేళ్ల మధ్య నలిపి మందం చూశాను. ఈ సంగతి అమ్మినాయన చెప్పలేదు, మా ఇంటికి ఇంటీరియర్ చేసినావిడ అసలే చెప్పలేదు.

మాది చెన్నైలో తిరువాన్మియూరు. పొద్దున్నే ఎండ నేరుగా హాల్లోకి వస్తుంది, సముద్రపు గాలి రోజంతా వస్తుంది. సోఫాకు వేయించింది కొయ్యలగూడెంలో కొన్న నూలు ఇక్కత్. ముదురు ఎరుపు మీద తెలుపు, నలుపు. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే దారిలో, చౌటుప్పల్ దగ్గర ఉంటుంది ఆ ఊరు. పోచంపల్లి ఇక్కత్ అని మనం కొనేదంతా ఒక్క పోచంపల్లిలోనే నెయ్యరు, చుట్టుపక్కల చాలా ఊళ్లలో మగ్గాలున్నాయి. ఇంటీరియర్ ఆవిడకు మాత్రం ఇది మొదటినుంచీ నచ్చలేదు. "చేనేత కుషన్లకు బాగుంటుంది మేడమ్, సోఫాకు ఆగదు" అని, మరక పట్టని పాలిస్టర్ శాంపిళ్లు ముందు పరిచింది. మా అత్తగారు నెల్లూరు నుంచి వచ్చి చూసి, "ఇదేంటమ్మా, కట్టుకునే గుడ్డ తెచ్చి కూర్చునే చోట వేశావు?" అన్నారు. ఇద్దరి మాటా వినలేదు. మొదటి మూడు నాలుగేళ్లు ఇంటికి ఎవరొచ్చినా, ఇది జీవితాంతం ఉంటుందని గట్టిగానే చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను.

ఎందుకంటే ముందు రంగు వెలిసింది. బాల్కనీ వైపున్న సీటు ఎరుపు పోయి ఇటుక రంగుకు వచ్చింది, అటు చివరి సీటు మాత్రం ఎర్రగానే ఉంది. ఒకే సోఫా రెండు ఇళ్ల నుంచి తెచ్చి అతికించినట్టు తయారైంది. దాన్నీ ఓర్చుకున్నాను. ఆ తర్వాత సీటు ముందు అంచున, కుట్టు పక్కన పోగులు జారడం మొదలైంది. గుడ్డ చిరగలేదు, దారం తెగలేదు. కూర్చున్నప్పుడల్లా ఫోమ్ కిందికి దిగుతుంది, ఆ లాగుడంతా ముందు కుట్టు మీద పడుతుంది. కుట్టులోకి మడిచిన గుడ్డ తక్కువైతే పోగులు ఒక్కొక్కటిగా పక్కకు తప్పుకుంటాయి. వేలు పెడితే లోపలి ఫోమ్ పచ్చగా కనిపించేది.

చింతాద్రిపేటలో సోఫాలు బాగుచేసే ఒకాయన ఉన్నాడని మా ఆయన స్నేహితుడొకాయన చెప్పాడు. 1734లో ఈస్టిండియా కంపెనీ నేతవాళ్ల కోసం కట్టించిన పేట అది. ఇప్పుడు ఆ పేరు చెబితే చెన్నైలో ఎవరికైనా చేపల మార్కెట్టే గుర్తొస్తుంది. సోఫా అక్కడికి చేర్పించి, కొత్త గుడ్డ ఎన్ని మీటర్లు పడుతుందో లెక్క రాయించుకుందామని వెళ్లాను.

ఆయన స్క్రూడ్రైవర్‌తో స్టేపుల్ పిన్నులు ఒక్కొక్కటే పీకి సీటు గుడ్డ ఊడదీశాడు. లోపల దుమ్ము, పల్లీ పొట్టు, ఎప్పుడో పోయిందనుకున్న మా అమ్మాయి చెవి దిద్దు మర. కొలత కోసం గుడ్డను నేల మీద బోర్లా పరిచి, సుద్దముక్క చేతిలో పట్టుకుని, గీయకుండా ఆగిపోయాడు. అడుగు వైపు అచ్చం కొన్ననాటి ఎరుపు. ఆ రంగు అంత ముదురుగా ఉండేదని నేనే మరిచిపోయాను. పక్కనే వెలిసిన కుషన్ పెట్టి చూపించి, "రెండు పక్కముమ్ ఒణ్ణుదాన్ మా" అన్నాడు, రెండు వైపులా ఒకటేనమ్మా అని. కొత్త గుడ్డ వద్దు, ఇదే తిరగేసి వేస్తానన్నాడు. వెనకటికి చొక్కా కాలరు అరిగితే టైలరు ఊడదీసి తిరగేసి కుట్టేవాడు చూడండి, అలాగన్నమాట.

ప్రింటు గుడ్డ అయితే రంగు పై ముఖానే గట్టిగా పడుతుంది, వెనక వెలవెలబోతూ ఉంటుంది. బ్రొకేడ్ అయితే వెనకంతా వదులు దారాలు. ఇక్కత్‌లో నేతకు ముందే పోగుల్ని డిజైన్ ప్రకారం కట్టి రంగులో ముంచుతారు, కాబట్టి రంగు పోగు లోపలిదాకా ఉంటుంది, బొమ్మ రెండు ముఖాలా ఒకేలా వస్తుంది. ఎండ తగిలిన ముఖం వెలిసింది, ఫోమ్‌ను ఆనుకుని చీకట్లో ఉన్న ముఖం నిలిచింది. ఇందులో మాయేమీ లేదు. కానీ నేల మీద ఆ రెండు ముక్కలూ పక్కపక్కన చూసినప్పుడు మాత్రం, నేతకు ముందు పోగులు కట్టిన చేతులెవరివో గానీ, మనసులోనే దండం పెట్టుకున్నాను.

అంతా సాఫీగా జరగలేదు. చేతుల దగ్గరి ముక్కలు ఆ వంపుకు తగ్గట్టు కత్తిరించినవి, తిరగేస్తే ఎడమ చేతిది ఎడమ చేతికి కూర్చోదు. ఎడమదాన్ని కుడికి, కుడిదాన్ని ఎడమకు మార్చాడు, గుర్తు తప్పకుండా ముక్కముక్కకీ కాగితం పిన్ చేసుకుని. పాత కుట్టు వెంట సూది రంధ్రాలు చుక్కల్లా కనిపించాయి. నీళ్లు చిలకరించి ఇస్త్రీ చేస్తే చాలావరకు మూసుకున్నాయి, వెనక వైపు మాత్రం ఇప్పటికీ ఒక గీత ఉంది. జారిన పోగుల మేరకు కత్తిరించేశాక గుడ్డ చాలలేదు. దానికి సీటు పైముక్కకీ ముందుముక్కకీ మధ్య నల్ల పైపింగ్, అంటే కుట్టు వెంట పోయే సన్నటి గుడ్డ పట్టీ, వేశాడు. అది ముందునుంచీ ఉన్న డిజైన్ అనుకుంటారు చూసినవాళ్లు. కింద గాడా అనే ముతక నూలు గుడ్డ అస్తరు వేసి, రెండు వరసల కుట్టు వేశాడు. ఆ అస్తరు మొదటిసారే వేసుంటే పోగులు జారేవి కావంటాడు. మొదట కుట్టిన షాపువాళ్లు దాని ఊసే ఎత్తలేదు. పనికీ పైపింగ్‌కీ కలిపి అయిన ఖర్చు కొత్త గుడ్డ ధరలో మూడో వంతు కూడా లేదు.

అప్పటినుంచి ఏ షాపుకెళ్లినా కుషన్ జిప్పు తీసి లోపల చూడటం అలవాటైంది. ఇక్కత్ పేరుతో పెట్టిన వాటిలో సగానికి సగం వెనక తెల్లగా, అంటే ఉత్త ప్రింటు. అయితే ఈ పరీక్షతో ప్రింటు దొరుకుతుంది గానీ పవర్‌లూమ్, అంటే మరమగ్గం గుడ్డ, దొరకదు. రంగు కట్టిన పోగును పవర్‌లూమ్ మీద నేసినా రెండు వైపులా బొమ్మ వస్తుంది. చేనేత గుడ్డకే ఇచ్చే ప్రభుత్వ గుర్తు, హ్యాండ్లూమ్ మార్క్, 2006 నుంచి ఉంది, ఆ లేబుల్ అడిగి చూసుకోవడం మేలు.

ఇదే హాల్లో ఇంటీరియర్ ఆవిడ ముచ్చటపడి కంచిపట్టు కర్టెన్లు కూడా వేయించింది. సోఫాకు నూలు ఆగదని చెప్పిన మనిషే తూర్పు కిటికీకి పట్టు వేయించడం నాకిప్పటికీ మింగుడు పడదు. పట్టుకు ఎండ శత్రువు. మడతల పైభాగాన, ఎండ తగిలే గీత వెంటే, నిలువునా పిగిలిపోయింది. ఉప్పుగాలికి జరీ నల్లబడింది. మిగిలిన మంచి ముక్క ఒకటి ఫ్రేము కట్టించి లోపలి గదిలో, ఎండ చేరని గోడకు పెట్టాం. అక్కడ బాగానే ఉంది.

ఇక్కత్‌కు తిరిగొస్తే, తిరగేస్తే పోయేది రంగు లోపం మాత్రమే, అరుగుదల పోదు. చేతులు ఆనించే అంచుల్లో పోగు మీద నూగు లేచింది, అది రెండు వైపులా ఉంది. తల ఆనే చోట ఇంకా కష్టం: మా ఇంట్లో అందరూ తలకు నూనె రాసుకునేవాళ్లే, ఆ నూనె గుడ్డ దాటి అడుగు ముఖానికీ దిగింది. తిరగేసినా నీడలాంటి మరక కనిపిస్తూనే ఉంది. దాని మీద ఇప్పుడు పాత మంగళగిరి చీర ముక్క వేశాను. మగ్గం గుడ్డ వెడల్పు మామూలుగా నలభై ఎనిమిది అంగుళాల లోపే, అందుకని ముగ్గురు కూర్చునే సోఫా వీపుకు అతుకు తప్పదు. ఆ అతుకు దగ్గర బొమ్మ కలపాలంటే గుడ్డ చాలా వృథా అవుతుంది. కత్తిరించే ముందు నానబెట్టి ఆరబెట్టాలి, ఎరుపు మొదటి నీళ్లలో బాగానే దిగుతుంది. అన్నిటికీ మించి, ఇక తిరగేయడానికి మూడో ముఖం లేదు.

మా ఇంట్లో పిల్లలు పెద్దవాళ్లయ్యారు, కుక్కా పిల్లీ లేవు, సొంత ఫ్లాటు, చింతాద్రిపేట ఆయన ఫోన్ చేస్తే పలుకుతాడు. ఇవన్నీ కలిసొచ్చాయి కాబట్టి నేను మళ్లీ ఇదే కొంటాను. పిల్లి గోళ్లున్న ఇంటికీ, రెండేళ్లకోసారి సామాను సర్దుకుని అద్దిల్లు మారేవాళ్లకూ నేను చెప్పలేను. కొనేవాళ్లు చేతులకు అదే రంగులో మందపాటి సాదా గుడ్డ వేయించండి, ఇక్కత్ సీటుకూ వీపుకూ చాలు. మీటరున్నర ఎక్కువ కొని బీరువాలో దాచండి. అదే తానులో రంగు మళ్లీ దొరకదు, నేను కొయ్యలగూడెం వెళ్లి అడిగొచ్చాను.