వత్తి కుండీ: మే నెల ఎండల్లో ఇంట్లో మిరప మొక్కకు పనికొస్తుందా?

వైశాఖం పేరుకే వసంతం. కిటికీ దగ్గరున్న మిరప మొక్కకు పొద్దున నీళ్లు పోస్తే మధ్యాహ్నానికే తల వాల్చేస్తుంది. అడుగున నీళ్ల అర, అందులోంచి మట్టిలోకి ఒక వత్తి ఉండే 8 అంగుళాల సెల్ఫ్ వాటరింగ్ కుండీ ఈ ఇబ్బంది తీర్చడానికే. కుండీ బాగుంది. దాంతోపాటు వచ్చే వత్తి మాత్రం బాగాలేదు.

"పదిహేను రోజులు నీళ్లు పోయనక్కర్లేదు" అని అట్టపెట్టె మీద రాస్తారు, నమ్మకండి. అరలో పట్టేది లీటరుంబావు. కాపు మీదున్న మిరప ఈ ఎండలకు రోజుకు దాదాపు అర లీటరు తాగేస్తుంది. అంటే రెండు రోజులు, మహా అయితే మూడు. పుదీనాకు, తోటకూరకు నాలుగైదు రోజులు వస్తుంది. టమాటాకు ఈ కొలత వద్దు. వేళ్లకు చోటు చాలదు, తడి ఆరినప్పుడల్లా కాల్షియం అందక కాయ అడుగు నల్లబడుతుంది.

ఇక వత్తి. ఇచ్చేది నూలు వత్తి. ఎప్పుడూ నీళ్లలో నానుతూ ఒకటి రెండు నెలల్లో జిగురుపట్టి కుళ్లిపోతుంది. అప్పుడు అరలో నీళ్లు నిండుగానే కనిపిస్తాయి, పైన మొక్క వాడిపోతూ ఉంటుంది. చిటికెనవేలి మందం అల్లిన నైలాన్ తాడు దీనికన్నా ఎంతో నయం. కొత్త తాడుకు నూనె జిడ్డు ఉంటుంది, అది పోకపోతే నీళ్లు పైకి ఎక్కవు. వేడి సబ్బు నీళ్లలో అరగంట నానబెట్టి, రుద్ది కడగండి. ఒక కొసను సిరా కలిపిన నీళ్లలో ముంచి నిలబెట్టి చూడండి. గంటలో రంగు నాలుగు అంగుళాలు ఎక్కితే ఆ తాడు పనికొస్తుంది. ఒక కొస నీళ్ల అర అడుగు భాగాన్ని తాకాలి, మిగతాది వేళ్లుండే ఎత్తులో చుట్టలా పరచాలి.

ఎర్రమట్టి, తోటమట్టి ఇందులో వేయకూడదు. అవి నీళ్లు పీల్చుకుని గడ్డకడతాయి, గాలి ఆడక వేరు కుళ్లుతుంది. కొబ్బరి పొట్టు 5 పాళ్లు, వర్మీకంపోస్టు 3, పెర్లైట్ (తేలికైన తెల్లని రాతి గుళికలు) 2 కలిపి, ముందే తడిపి, అదమకుండా నింపండి. నారు నాటాక పది పదిహేను రోజులు పైనుంచే నీళ్లు పోయాలి. వేరు కిందికి దిగాకే నీళ్ల అర నింపాలి. ఖాళీ అయిన వెంటనే నింపకుండా ఒక పూట ఆగితే వేళ్లకు గాలి తగులుతుంది.

బోరు నీళ్లు వాడేవాళ్లకు మరో చిక్కుంది. నీళ్లు కింది నుంచి పైకే వెళ్తాయి కాబట్టి ఉప్పంతా మట్టి పైన తెల్లని పొరలా పేరుకుంటుంది, ఆకు అంచులు మాడతాయి. ఇరవై రోజులకోసారి ఆ పొర గీకేసి, పైనుంచి ఎనిమిది లీటర్లు నెమ్మదిగా పోసి, కిందికి దిగిన నీళ్లు పారబోయండి. జీవామృతం, బియ్యం కడిగిన నీళ్లు అరలో పోస్తే పులిసి కంపు కొడతాయి. పోయాలనుకుంటే పలచన చేసి, కొద్దిగా, పైనుంచే.

పూత రాలితే కుండీని తప్పుపట్టకండి. పగటి వేడి 35 డిగ్రీలు దాటితే మిరప పూత నిలవడం కష్టం. పడమటి కిటికీ అద్దానికి అడుగు దూరం జరపండి, ఏసీ గాలి నేరుగా తగలనీయకండి. ఆకులు పైకి ముడుచుకుంటే తామర పురుగు (త్రిప్స్), కిందికి ముడుచుకుంటే మొక్కల నల్లి (మైట్స్). రెండూ ఆకు అడుగునే ఉంటాయి, వెతకాల్సింది అక్కడే.

కొనేముందు రెండు చూడండి: అర పక్కన ఎక్కువైన నీళ్లు పోయే రంధ్రం, నీళ్లు పోసే నోటికి మూత. మూత లేనిదైతే దోమతెర ముక్క బిగించి కట్టండి, వారానికోసారి అర మొత్తం వంపేయండి. ఈ వేడికి దోమ గుడ్డు రెక్కల దోమగా మారడానికి వారం పది రోజులు చాలు.